యాక్సిల్ కొత్తదా, రీకండిషన్‌దా? ముందు లోపలి ఇనుము సంగతి చూడాలె

యాక్సిల్ అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రానికి బలం అందించే రాడ్డు, రీకండిషన్‌ది అంటే పాతదాన్నే బాగుచేసి అమ్మేది. మలుపుల్ల టక టక టక అని సప్పుడు మొదలైనంక కారు షెడ్డుకు వస్తది. చక్రం ఇప్పి చూస్తే యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు, అదే బూటు, చినిగి, రిమ్ము లోపలి మొఖం మీద నల్లటి గ్రీజు గుండ్రంగ చిమ్మి ఉంటది. మెకానిక్ అడుగుతడు: "అన్నా, యాక్సిల్ పోయింది. కొత్తది ఏద్దామా, రీకండిషన్‌ది తెప్పియ్యాల్నా?" ఓనర్ రెండిటి రేట్లు అడుగుతడు, తక్కువున్నదానికి సరే అంటడు. తప్పు అక్కడనే జరుగుతది. కొత్తది అన్న పేరు మీద మూడు తీర్ల సరుకు అమ్ముతున్నరు. రీకండిషన్ అన్న పేరు మీద నాలుగు తీర్ల పని నడుస్తున్నది. మంచిగ చేసిన రీకండిషన్ యాక్సిల్, పేరు లేని కొత్తదాని కన్న ఎక్కువ రోజులు నడుస్తది. పై రంగు కొట్టి ఇచ్చిన రీకండిషన్‌ది ఒక్క వానకాలం కూడ దాటదు. అందుకే రేటు కన్న ముందు అడగాల్సింది, దాని లోపట ఉన్న ఇనుము ఎవరిది, దానికి ఏం చేసిన్రు అని.

1983 డిసెంబర్‌ల మారుతీ 800 వచ్చేదాక మన రోడ్ల మీద అంబాసిడర్, పద్మిని లాంటి వెనక చక్రాలు లాగే కార్లే ఎక్కువ. ఇప్పుడు ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ10, ఐ20, టియాగో అన్నిటికీ ముందు చక్రాలే లాగుతయి. ఒక్కో పక్కకు ఒక్కో రాడ్డు, దాని రెండు కొసలకు రెండు జాయింట్లు. వీల్ సైడ్ జాయింట్‌ల ఆరు ఉక్కు గోళీలు, వాటిని పట్టుకునే కేజ్, నడుమ గోళీలు ఆనే గాడుల ముక్క (ఇన్నర్ రేస్), పైన గంట లెక్క ఉండే కప్పు ఉంటయి. స్టీరింగ్ ఫుల్ కటింగ్ కొట్టినప్పుడు ఇది 45 డిగ్రీల దాక వంగాలె, వంగి కూడ చక్రాన్ని ఒకటే వేగంతోని తిప్పాలె. 1926ల ఆల్ఫ్రెడ్ రెజెప్పా అనే ఇంజనీరు చేసిన డిజైనే ఇప్పటికీ నడుస్తున్నది. గేర్‌బాక్స్ సైడ్‌ది వేరే తీరు. మూడు కాళ్ల ట్రైపాడ్, ఒక్కో కాలికి సూది బేరింగుల మీద తిరిగే రోలర్. ఇది 20, 25 డిగ్రీల కన్న ఎక్కువ వంగదు గని, చక్రం గుంతల పడి లేచినప్పుడల్లా లోపటికి బయటికి జారుతది.

ఇక్కడ ఒక్క సంగతి మంచిగ పట్టుకోవాలె. గోళీలు పరుగెత్తే గాడి మొత్తం ఒకటే గట్టి ఉక్కు కాదు. పైపొర మాత్రమే వేడి చేసి గట్టి చేసింది, లోపలిది కొంచెం మెత్తగ ఉండే ఉక్కు. లోపట కూడ గాజు లెక్క గట్టిగ ఉంటే గుంతల పడ్డ దెబ్బకు పలిగిపోతది, పైన మెత్తగ ఉంటే గోళీ దిగబడిపోతది. ఆ గట్టి పొర మందం మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల లెక్కలనే ఉంటది. రీకండిషన్ మీద తీసుకునే నిర్ణయం అంతా ఆ పొర మిగిలి ఉన్నదా లేదా అన్నదాని మీదనే ఆధారపడి ఉంటది.

మంచి యాక్సిల్ బూటు సక్కగ ఉన్నన్ని రోజులు లక్ష కిలోమీటర్లు దాటినా సప్పుడు చెయ్యదు. బూటు చినిగినంకనే దాని పని అయిపోతది. మన దిక్కు బూట్లు చినగడానికి కారణాలు మన రోడ్ల మీదనే ఉన్నయి. వరి కోతలప్పుడు పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు రోడ్డు మీద పరిచిన గడ్డి రాడ్డుకు చుట్టుకుంటది. తిరుగుతున్నకొద్దీ తాడు లెక్క బిగుసుకుని క్లిప్పు పక్కపొంటి రబ్బరును కోస్తది. చేన్ల బాటల్ల సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకుంటది. నెలల తరబడి ఇంటి ముందట నిలబెట్టిన కారు బూట్లను ఎలుకలు కొరుకుతయి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దిక్కు తిరిగే బండ్లకైతే చిన్న పగులు చాలు. ఆ దుమ్ముల పలుగురాయి పొడి ఉంటది, అది గ్రీజుల కలిస్తే గ్రైండింగ్ పేస్టు తయారైనట్టే. మేడారం జాతరకు పోయి ఇసుకల, బురదల ఇరుక్కుని లాగిచ్చుకున్న కార్లు కూడ, వచ్చిన వారం లోపల ఒకసారి జాకీ ఎక్కించి కింద చూసుకోవాలె. గ్రౌండ్ క్లియరెన్స్ కోసం స్ప్రింగులకు స్పేసర్లు, రబ్బరు బఫర్లు పెట్టిస్తున్నరు కదా, దానితోని బండి సీదాగ పోయేటప్పుడు కూడ రాడ్డు వంకరగనే ఉండి, జాయింట్లు, బూట్లు రెండూ తొందరగ అరుగుతయి. స్పేసర్ ఉన్న బండికి ఏ యాక్సిల్ వేసినా ఆయుష్షు తగ్గుతది, ఇది ముందే చెప్పుకోవాలె.

కొత్తదా పాతదా అనే ముచ్చట కన్న ముందు, నిజంగ యాక్సిలే పోయిందా, పోతే ఏ జాయింట్ పోయింది అన్నది తేల్చుకోవాలె. ఖాళీ జాగల స్టీరింగ్ ఫుల్ కటింగ్ కొట్టి, ఫస్ట్ గేర్ల మెల్లగ రేస్ ఇచ్చుకుంట గుండ్రంగ తిప్పండి. గోడ పక్కపొంటి అయితే సప్పుడు తిరిగి చెవికి మంచిగ వినబడుతది. టక టక అని చక్రం తిరిగే వేగంతోని వస్తే అది వీల్ సైడ్ జాయింట్. రెండు దిక్కులా తిప్పి, కారు బయట ఒక మనిషిని నిలబెట్టి ఏ చక్రం దగ్గర వస్తుందో వినమనండి. సీదా రోడ్డు మీద రేస్ ఇస్తే ముందు భాగం అంతా అటూ ఇటూ ఊగినట్టు వణికి, రేస్ తీస్తే ఆగిపోతుందంటే అది గేర్‌బాక్స్ సైడ్ ట్రైపాడ్. కప్పు లోపట రోలర్లు ఒక్క కాడనే నడిచి నడిచి గుంత పడి ఉంటది. రేస్ ఇచ్చినా తీసినా మారకుండ ఊఁ అని మోగుతూ, వేగంతోని పెరిగితే అది వీల్ బేరింగ్. ఈ సప్పుడుకు యాక్సిల్ మార్చిచ్చుకుని మళ్ల అదే సప్పుడుతోని ఇంటికి పోయేటోళ్లు చాలామంది ఉంటరు. క్లచ్ వదిలినప్పుడు ఒక్కసారి ఠక్కుమంటే ట్రైపాడ్ లూజు కావచ్చు, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు కూడ కావచ్చు. మౌంటింగ్ ముందు చూడాలె, అది చవకది.

ఇగ కొత్తది అన్న పేరు మీద వచ్చే మూడు తీర్లు. ఒకటి, కారు కంపెనీ డబ్బాల వచ్చేది: మారుతీ జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్‌కి మోబిస్ లాంటివి. రెండోది, కారు కంపెనీలకు యాక్సిళ్లు చేసి ఇచ్చే జీకేఎన్, ఎన్‌టీఎన్ లాంటి కంపెనీలు తమ సొంత డబ్బాల అమ్మేవి. మీ కారుకు మొదటి నుంచి ఉన్నది ఏ కంపెనీదో, అదే కంపెనీ డబ్బాల దొరికితే సరుకుల పెద్ద తేడా ఉండదు, రేటు తగ్గుతది. పాత యాక్సిల్ కప్పు మీద గుద్దిన పేరు చూస్తే కంపెనీ తెలుస్తది, దాన్ని గుడ్డతోని తుడిచి ఫోన్‌ల ఫొటో తీసుకోండి. మూడోది, పేరు లేనిది, లేకపోతే పేరు ఉన్నా ఎవరికీ తెల్వనిది. ఇది చూడ్డానికి మెరుస్తది. గని ఇందుల గట్టి పొర ఎంత మందం ఉన్నదో, గోళీలకు గాడికి నడుమ ఎంత సందు వదిలిండ్రో చెప్పేటోడు ఉండడు. ఎక్కువ సార్లు రాడ్డు కన్న ముందు బూటే పోతది. రబ్బరు ఆరు నెలలకే మడతల కాడ పగుళ్లు వస్తయి. నా మాట అడిగితే, ఈ మూడో రకం కొనే పైసలతోని మీ పాత యాక్సిల్‌కు పేరున్న కంపెనీ జాయింట్ వేయించుకోవడం మేలు. దాని సంగతి కింద చెప్తా.

రీకండిషన్ అన్న పేరు మీద నాలుగు తీర్ల పని జరుగుతది. మొదటిది సరైన పద్ధతి, దాన్నే రీమాన్యుఫాక్చర్డ్ అంటరు. పాత యాక్సిల్ మొత్తం ఇప్పి, కడిగి, రాడ్డుకు కప్పులకు కంటికి కనబడని పగుళ్లు ఉన్నయేమో అయస్కాంతం పెట్టి ఇనుప పొడితోని చూస్తరు. గాడి ఎంత అరిగిందో కొలుస్తరు. హద్దు దాటినయి పక్కన పారేస్తరు. మిగిలినవాటి గాడిని మిషన్ మీద ఒకటే తీరుగ గ్రైండ్ చేసి, అంతే మందం పెద్ద గోళీలు వేస్తరు, కేజ్ కిటికీలను ఆ గోళీలకు సరిపెడతరు లేకపోతే కొత్త కేజ్ పెడతరు. బూట్లు, క్లిప్పులు, సర్‌క్లిప్పులు (రాడ్డు జారకుండ పట్టే స్ప్రింగు రింగులు), గ్రీజు అన్నీ కొత్తయి. అమెరికాల, యూరప్‌ల ఈ పని ఫ్యాక్టరీలల్ల జరుగుతది, పాత యాక్సిల్ తిరిగి ఇస్తే డిపాజిట్ పైసలు వాపస్ ఇచ్చే పద్ధతి కూడ ఉంటది. రెండో తీరు, మన దగ్గర ఎక్కువ కనబడేది: పాత రాడ్డు, పాత గేర్‌బాక్స్ సైడ్ కప్పు ఉంచి, వీల్ సైడ్ జాయింట్ మాత్రం కొత్తది వేసి, రెండు బూట్లు మార్చి ఇస్తరు. ఇది నిజాయితీగ చేస్తే మంచి పని. మూడోది, ఇప్పి కడిగి, అరిగినయి అరిగినట్టే ఉంచి, నిండ మందం గ్రీజు నింపి, కొత్త బూటు ఎక్కించి నల్ల రంగు కొట్టుడు. మందం గ్రీజు ఉన్నన్ని రోజులు సప్పుడు అణగి ఉంటది. నాలుగోది ప్రాణాలతోని ఆట: రెండు కార్ల ముక్కలు కలిపి ఒకటి చేసుడు, పొడుగు సరిపోకపోతే రాడ్డును కోసి వెల్డింగ్ అతికి లేత్ మీద నున్నగ చేసుడు. గట్టి చేసిన రాడ్డును వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన ఉక్కు పెళుసు అయితది. లోడు మీద ఎప్పుడు తెగుతదో చెప్పలేం, తెగితే ఆ రాడ్డు కొస తిరుగుకుంట పక్కనున్న బ్రేక్ పైపును కొట్టవచ్చు. రాడ్డు మీద ఎక్కడన్న చుట్టూరా గీత, రంగు మందంగ ఉన్న పట్టీ కనబడితే దాన్ని ముట్టుకోకండి.

గాడి గ్రైండింగ్ సంగతి కొంచెం దగ్గరికి పోయి చూద్దాం. టక టక సప్పుడు వచ్చే జాయింట్‌ను ఇప్పి, గాడిని తుడిచి వెల్తురుల పట్టుకుంటే, గోళీ ఎక్కువ సేపు నిలిచే నడుమ జాగల ఒక మచ్చ కనబడుతది. వేలి గోరు పెట్టి గాడి పొంటి మెల్లగ జారిస్తే గోరు అక్కడ తట్టుకుంటది. ఇంకా ముదిరితే పైపొర లేచి, సన్న పెంకులు రాలిపోయిన గుంతలు ఉంటయి. మెరుపు తగ్గిందే తప్ప గోరుకు ఏం తట్టకపోతే ఆ గాడి ఇంకా పని చేస్తది. గోరుకు తట్టుతుందంటే గ్రైండింగ్ కావాలె. పెంకులు లేచినయంటే గట్టి పొర పోయినట్టు, దాన్ని గ్రైండ్ చేసి నున్నగ చేసినా కింద ఉన్నది మెత్త ఉక్కు, కొత్త గోళీ దాన్ని కొన్ని నెలలల్ల మళ్ల తవ్వుతది. ఇది రీకండిషన్‌కు పనికిరాని ముక్క. కేజ్‌ది ఇంకో కథ. గాడి ఎంత మంచిగ గ్రైండ్ చేసినా, కేజ్ కిటికీల గోళీ పక్కలకు కదిలితే మలుపుల సప్పుడు రానే వస్తది. గోళీని కిటికీల పెట్టి వేలితోని నూకి చూడాలె, గట్టిగ పట్టుకోవాలె, గలగలలాడొద్దు. సందుల్ల ఉండే రీకండిషన్ షెడ్లల్ల గాడి పని చేసి కేజ్‌ను అట్లనే వదిలేసుడు ఎక్కువ. తెచ్చి వేసిన వారానికే సప్పుడు మళ్ల వచ్చిందంటే చాలా సార్లు కారణం ఇదే.

దుకాణంల డబ్బా ఇప్పినప్పుడు బూటు లోపట చూడలేం, గని చేతులతోని చాలా తెలుసుకోవచ్చు. ఒక చేతిల రాడ్డు గట్టిగ పట్టుకుని, ఇంకో చేతితోని వీల్ సైడ్ కప్పును మెల్లగ అన్ని దిక్కులకు వంచండి. కదలిక బిగువుగ, ఒకటే తీరుగ ఉండాలె. నడుమల ఎక్కడన్న తట్టుకుని దాటినట్టు అనిపిస్తే గాడిల గుంత ఉన్నది. తర్వాత రాడ్డును కదలనియ్యకుండ కప్పును కుడికి ఎడమకు తిప్పి చూడండి, అటూ ఇటూ ఆట చేతికి తెలుస్తే అది వద్దు. గేర్‌బాక్స్ సైడ్‌ను లోపటికి బయటికి జరిపి చూడండి, ఎక్కడా పట్టుకోవద్దు. మరీ బయటికి లాగకండి, రోలర్లు కప్పు నుంచి జారి బూటు లోపలనే పడిపోతయి. ఆ తర్వాత గేర్‌బాక్స్ సీల్ కూసునే జాగ వేలితోని తడమండి. రంగు కింద తుప్పు గుంతలు ఉంటే గరుకుగ తగులుతది, ఆ యాక్సిల్ వేసిన్రంటే కొత్త సీల్ వేసినా గేర్ ఆయిల్ కారుతది. రాడ్డు కొసలకు పొడుగున కోసిన పళ్లను స్ప్లైన్ అంటరు, ఆ పళ్లల్ల రంగు ఉండొద్దు, పళ్లు అంచుల కాడ కత్తి లెక్క పదునుగ ఉంటే అరిగినట్టు. రెండు కప్పుల మీద రెండు వేరే కంపెనీల గుర్తులు ఉన్నయంటే అది కలిపి చేసింది కావచ్చు. అమ్మేటోనిని సూటిగ అడగండి: "అన్నా, దీంట్ల కొత్తగ ఏమేం ఏసిన్రు? కేజ్ మార్చిన్రా? పెద్ద గోళీలు ఏసిన్రా?" పని తెలిసినోడు ఒక్కొక్కటి చెప్తడు. "అంతా కొత్తదేనే, గ్యారంటీ" అని మాట దాటేస్తే ఆ సరుకు మీకు వద్దు.

బూటు చినిగింది గని సప్పుడు లేదు అంటే, అసలు యాక్సిలే కొనొద్దు. జాయింట్ ఇప్పి, కిరోసిన్‌తోని కడిగి, మంచిగ ఆరబెట్టి, గాడిని గోరుతోని చూసి, సక్కగ ఉంటే బూటు కిట్టు వేయిస్తే చాలు. అది మీ కారుకు కంపెనీ నుంచి వచ్చిన ఇనుము, దానికన్న మంచిది మార్కెట్ల దొరకదు. కిట్టుల వచ్చే నల్ల మాలిబ్డినం గ్రీజు ప్యాకెట్ మొత్తం వాడాలె. చిన్న కార్లకు వీల్ సైడ్‌కు సుమారు 80 నుంచి 120 గ్రాములు పడుతది. సగం గ్రీజును జాయింట్ లోపటికి వేలితోని ఒత్తి, మిగిలింది బూటుల పెట్టాలె. పక్కన డబ్బాల ఉన్న పసుపు ఛాసిస్ గ్రీజు పెట్టొద్దు, ఈ జాయింట్‌ల వచ్చే ఒత్తిడికి అది ఆగదు. ఎక్కువ నింపితే కూడ బూటు ఉబ్బి క్లిప్పు కాడ ఊడుతది. క్లిప్పు బదులు జీఐ తీగ, ప్లాస్టిక్ టై కట్టనియ్యకండి. చెవి ఉన్న స్టీలు క్లిప్పును దాని పట్టకారుతోనే నొక్కాలె. రెండు ముక్కలుగ వచ్చి గమ్‌తోని అతికే బూట్లు, జాయింట్ ఇప్పకుండనే వేయచ్చని అమ్ముతరు. మన వేడికి ఆ గమ్ నిలబడదు, వాటికి పైసలు పెట్టకండి.

వీల్ సైడ్ మాత్రమే టక టక మంటున్నది, ట్రైపాడ్, రాడ్డు, స్ప్లైన్ మంచిగున్నయి అంటే, పేరున్న కంపెనీ జాయింట్ కిట్టు తెచ్చి మీ సొంత రాడ్డుకే వేయించుకోండి. రీకండిషన్ దుకాణంల జరిగే రెండో తీరు పని ఇదే, తేడా ఏంటంటే ఇక్కడ రాడ్డు ఎవరిదో మీకు తెలుసు. చాలా ఇళ్ల కార్లకు సరైన జవాబు ఇదే అని నా పట్టు. గేర్‌బాక్స్ సైడ్ కప్పుల గుంత పడి వణుకు వస్తుంటే, స్ప్లైన్ అరిగితే, సీల్ జాగ తుప్పు తింటే, అప్పుడు పూర్తి యాక్సిల్ కొత్తదే, మొదటి రెండు తీర్లల్ల ఒకటి. ట్రైపాడ్ కప్పును మన దగ్గర కొలిచి సరిగ గ్రైండ్ చేసే ఏర్పాటు ఉన్న షెడ్లు తక్కువ, వణుకుతున్న యాక్సిల్ బదులు ఇంకో వణికే యాక్సిల్ తెచ్చుకున్నట్టు అయితది. ఇగ రీకండిషన్ ఎప్పుడు? కారు మోడల్ ఆగిపోయి కొత్తది దొరకనప్పుడు. అప్పుడు కూడ పేరు లేని కొత్తది, రీకండిషన్‌ది పక్క పక్కన ఉంటే, అసలు కంపెనీ కప్పు మీద కొత్త కేజ్, కొత్త గోళీలు వేసి, ఏం చేసిండో బిల్లు మీద రాసిచ్చే వాని రీకండిషనే తీసుకోవాలె.

పైసల లెక్క ఇట్ల వేసుకోండి. ఉదాహరణకు కొత్తది 7,000, రీకండిషన్‌ది 3,000 అనుకుందాం. ఏదైనా మజూరీ 1,000, గేర్ ఆయిల్ 900, ఆయిల్ సీల్, హబ్ నట్టు (యాక్సిల్ కొసను చక్రం కాడ బిగించేది) కలిపి 400 అనుకుందాం. కొత్తది పడ్డ ఖర్చు 9,300, రీకండిషన్‌ది 5,300. తేడా 4,000 కనబడుతది. రీకండిషన్ ఫెయిలయితే దుకాణపోడు యాక్సిల్ మార్చి ఇస్తడు గని మజూరీ, ఆయిల్, సీల్ 2,300 మళ్ల మీదే. ఒక్కసారి తిరిగొస్తే 7,600. రెండుసార్లు వస్తే 9,900, కొత్తదాన్ని దాటిపోయినట్టే. రోజు కిరాయికి తిరిగే బండి అయితే షెడ్డుల నిలబడ్డ రోజు కిరాయి కూడ దీంట్ల కలపాలె. మీ కారు అంకెలు మీరు పెట్టుకుని ఇదే లెక్క చెయ్యండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకు ముందు చాలా వాటి మీద 28 ఉండె. కొత్తదాని రేటు పాత గుర్తు మీద కొట్టెయ్యకుండ మళ్ల అడగాలె.

కొనే ముందు జత చూసుకోవాలె. పెట్రోల్‌కు డీజిల్‌కు, మాన్యువల్‌కు ఆటోమేటిక్‌కు ఒకటే కారైనా యాక్సిల్ మారవచ్చు, అందుకని ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి. గేర్‌బాక్స్ ఏ పక్కకు ఉంటే ఆ పక్క యాక్సిల్ పొట్టిది, అవతలిది పొడుగు. ఎడమ కుడి మారిస్తే పని జరగదు. పాతది పక్కన పెట్టి రెండిటి పొడుగు, వీల్ సైడ్ పళ్లు, గేర్‌బాక్స్ సైడ్ పళ్లు లెక్కపెట్టండి. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రాలు జామ్ కాకుండ చూసేది) ఉన్న కొన్ని కార్లకు కప్పు మీద పళ్ల రింగు ఉంటది. ఆ పళ్ల సంఖ్య తప్పితే, రింగు లేకపోతే, మీటర్‌ల ఏబీఎస్ లైటు వెలుగుతది. పొడుగు రాడ్డు మీద రబ్బరుతోని పట్టిన బరువు ముద్ద ఉంటే అది వణుకు ఆపడానికి పెట్టింది, మార్చేదానికి కూడ అది ఉండాలె. ఎక్స్ఛేంజ్ అని పాతదాన్ని ముందే ఇచ్చేయకండి. కొత్తది ఫిట్ అయి, రోడ్డు మీద తిరిగినంకనే ఇవ్వండి. పైగ మీ పాతది కంపెనీ సరుకైతే దుకాణపోనికి అది పైసలు ఇచ్చే ముక్క, దానికి తగ్గ రేటు తగ్గించమని అడగండి. హైదరాబాద్ రాణీగంజ్, పుత్లిబౌలి నుంచి కార్గోల తెప్పించుకునేటోళ్లు పార్సిల్ ఇప్పంగనే క్లిప్పులు, బూటు మడతలు, హబ్ సైడ్ మరలు దెబ్బ తిన్నయా చూసి ఫొటో తీసి పెట్టుకోవాలె, తర్వాత చెప్తే ఎవ్వరూ ఒప్పుకోరు.

మంచి యాక్సిల్‌ను కూడ ఫిట్టింగుల పాడు చెయ్యచ్చు. చక్రం కింద ఉన్నప్పుడే, బ్రేక్ తొక్కి పట్టి హబ్ నట్టు లూజు చెయ్యాలె. ఎక్కువ కార్లకు 30 లేకపోతే 32 ఎంఎం సాకెట్ పడుతది. నట్టు అంచు రాడ్డు గాడిలకు గుద్ది ఉంటది, దాన్ని ముందు ఉలితోని లేపాలె. నట్టు తీసినంక బరువు మీద కారును జరపొద్దు, వీల్ బేరింగ్ పాడవుతది. గేర్ ఆయిల్ తీసి, బాల్ జాయింట్ ఊడదీసి, నకిల్‌ను (చక్రం హబ్బును మోసే ముక్కను) పక్కకు తిప్పి యాక్సిల్ కొసను బయటికి తీయాలె. రాదంటే మర మీద సుత్తెతోని కొట్టొద్దు, మర చెడితే యాక్సిల్ అంతా పోయినట్టే. పాత నట్టును మర కొసతోని సమానంగ ఎక్కించి, ఇత్తడి ముక్క పెట్టి కొట్టాలె. బ్రేక్ క్యాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయొద్దు, స్ప్రింగుకు తీగతోని కట్టాలె. లోపలి కొసను తీసేటప్పుడు రాడ్డు పట్టుకుని గుంజితే ట్రైపాడ్ ఊడి రోలర్లు రాలుతయి. గేర్‌బాక్స్‌కు కప్పుకు నడుమ పట్టీ పెట్టి కప్పునే ఎత్తాలె.

కొత్త ఆయిల్ సీల్ వేయకుండ యాక్సిల్ వేయనియ్యకండి. సీల్ పెదవికి కొంచెం గేర్ ఆయిల్ రాసి, పళ్లు ఆ పెదవిని కోయకుండ రాడ్డును సీదాగ దూర్చాలె. కొసకు కొత్త సర్‌క్లిప్ ఉండాలె. లోపల క్లిక్ అని కూసోవాలె. కూసున్నదా లేదా అని కప్పును చేతితోని బయటికి గుంజి చూడాలె, రాడ్డును గుంజొద్దు. క్లిప్ కూసోకపోతే కొన్ని రోజులకు యాక్సిల్ జారి వస్తది, గేర్ ఆయిల్ అంతా రోడ్డు పాలయితది, గేర్ వేసినా కారు కదలదు. హబ్ నట్టు కొత్తదే వాడాలె. గన్‌తోని బిగించి వదలొద్దు. చిన్న కార్లకు 175 నుంచి 300 న్యూటన్ మీటర్ల దాక ఉంటది, మీ కారుది మాన్యువల్‌ల చూసి టార్క్ పానాతోని బిగించి, అంచును గాడిలకు గుద్దాలె. తక్కువైతే బేరింగ్ పోతది, సప్పుడు చేస్తది. గేర్ ఆయిల్ మాన్యువల్ బండ్లకు రెండు లీటర్ల చుట్టుపక్కల పడుతది. లెవెల్ ప్లగ్గు నుంచి కారేదాక పోయాలె. ఆటోమేటిక్ బండ్లది వేరే ఆయిల్, దానిల ఇది పోయొద్దు.

బొలేరో, ఈకో లాంటి వెనక చక్రాలు లాగే బండ్ల హాఫ్ షాఫ్ట్ (వెనక చక్రాన్ని తిప్పే రాడ్డు) సంగతి సులువు. దాంట్ల గోళీల జాయింట్ లేదు. నిటారుగ ఉండి, పళ్లు మెలి తిరగక, సీల్ జాగ, బేరింగ్ కూసునే జాగ నున్నగ ఉంటే పాత కంపెనీ షాఫ్ట్ కొత్తదానితోని సమానమే, భయం లేకుండ తీసుకోవచ్చు. పళ్ల గీతలు రాడ్డు పొంటి నిటారుగ ఉన్నయా, కొంచెం పక్కకు ఒరిగినయా చూడండి. ఒరిగితే ఓవర్‌లోడు మీద మెలి తిరిగినట్టు, తర్వాత లోడుకు తెగుతది. బేరింగ్ ఎప్పుడూ కొత్తది, దాన్ని పట్టే రింగు కూడ కొత్తది, ప్రెస్ మీద ఎక్కించాలె.

బిల్లు మీద యాక్సిల్ పార్ట్ నంబర్, కంపెనీ పేరు, కిలోమీటర్ రీడింగు, వారంటీ ఎన్ని నెలలో రాయించండి. రీకండిషన్ అయితే మార్చిన ముక్కల పేర్లు కూడ రాయించండి. 500 కిలోమీటర్లు తిరిగినంక మళ్ల ఒకసారి జాకీ ఎక్కించి, బూటు క్లిప్పుల కాడ గ్రీజు తడి, గేర్‌బాక్స్ సీల్ కాడ ఆయిల్ తడి ఉన్నయా చూడండి. తడి ఉంటే అదే రోజు బిల్లు పట్టుకుని దుకాణానికి పొండి.